ఛైర్మన్ గారి కారు దగ్గింది

రాష్ట్ర చింతపండు నాణ్యతా మండలి ఆఫీసులో ఒక గోడ గడియారం ఉంది. అది ఎప్పుడో ఆగిపోయింది. ఎవరూ బాగుచేయించలేదు, అవసరం పడలేదు. ఆ ఆఫీసుకు టైము చెప్పేది ఛైర్మన్ గారి కారు.

అది పాత పెట్రోలు కారు. కాకినాడలో వంతెన దిగి చేపల మార్కెట్టు పక్క మలుపు తిరిగేటప్పుడు ఒకసారి దగ్గుతుంది. ఆఫీసు సందు మొదట్లో గేరు మార్చగానే గుర్రుమంటుంది. గేటు లోపలికి వచ్చి ఇంజను ఆపాక, ఇక అంతా అయిపోయిందనుకున్న సమయానికి సైలెన్సర్లోంచి ఒక్కటే ‘ఠాప్’.

దగ్గు వినబడగానే క్యారమ్స్ బోర్డు బీరువా వెనక్కి వెళ్తుంది. గుర్రు వినబడగానే ఫైళ్లు తెరుచుకుంటాయి. ఠాప్ అనేసరికి అందరి ముఖాల్లోకీ దేశం గురించిన దిగులు వచ్చేస్తుంది.

ఈ ఏర్పాటు చేసినవాడు గన్నేశ్వరరావు. మండలిలో ప్రోటోకాల్ ఆఫీసరు. అందరూ పీవో గారంటారు. కొత్తగా చేరినవాళ్లకు అతను ముందు పని నేర్పడు, వినడం నేర్పుతాడు. “ఇది ఛైర్మన్ గారి కారు దగ్గు. అది చేపల వ్యాను దగ్గు. తేడా తెలిసేదాకా క్యారమ్స్ ముట్టుకోవద్దు” అంటాడు.

ఛైర్మన్ పేరిచర్ల సర్వారాయుడు గారు ఆ కుర్చీలోకి వచ్చినప్పటి నుంచీ హాల్లో ఖాళీ కుర్చీ చూసి ఎరగరు. తలెత్తిన ఉద్యోగినీ చూసి ఎరగరు. ఆయన వేళాపాళా లేకుండా వచ్చేవారు. వంగిన తలల మధ్య నుంచి నడిచి తన గదిలోకి వెళ్లి, కాసేపు ఒంటరిగా కూర్చుని, కిటికీలోంచి కాకుల్ని చూసి, విసుగెత్తి ఇంటికి వెళ్లిపోయేవారు. “మనవాళ్లు పనిరాక్షసులయ్యా” అనేవారు గన్నేశ్వరరావుతో. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో సంతోషం కన్నా దిగులే ఎక్కువ పలికేది.

ఆ ఆఫీసులో అసలు పని లేకపోలేదు. వ్యాపారులు పంపిన చింతపండు నమూనాలను పరీక్షించాలి. పరీక్షించాక వాటిని ధ్వంసం చెయ్యాలని నిబంధన. ఎలా ధ్వంసం చెయ్యాలో నిబంధనలో లేదు. ఆ లోటును క్యాంటీన్ మంగతాయారమ్మ తీర్చింది. ఆవిడ చేసే పులిహోర వాసన సందు చివరిదాకా వెళ్లేది. నమూనాలకు పిక్కలు తీసే బాధ్యత హాల్లోవాళ్లది. కలిపే బాధ్యత ఆవిడది. మొదటి ఆకు దొప్ప గన్నేశ్వరరావుది.

క్రమశిక్షణలో ఉత్తమ సంస్థగా మండలికి ఏటా షీల్డు వస్తోంది. ఈసారి కూడా వస్తే డిప్యూటీ డైరెక్టరు పోస్టు నీదేనని ఛైర్మన్ మాటిచ్చారు. గన్నేశ్వరరావుకు ఆ పోస్టు ఎందుకు ప్రాణమో తెలియాలంటే అతని అత్తవారింటి భోజనాల బల్ల చూడాలి. తోడల్లుడు వేరే శాఖలో డిప్యూటీ డైరెక్టరు. పండక్కి వెళ్తే అత్తగారు ఆ అల్లుడికి పెరుగు మీద మీగడ తీసి వేస్తుంది. గన్నేశ్వరరావుకు పెరుగు వేస్తుంది.

అలాంటి రోజుల్లో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రతి సంస్థా తన అధినేత వాడుతున్న పెట్రోలు కారును, ప్రభుత్వం పంపే కొత్త విద్యుత్ విలాస కారుతో సమాన పరిస్థితులలో సరిపోల్చి, శాస్త్రీయంగా మెరుగని తేలినదానినే వాడవలెను.

గన్నేశ్వరరావు ఆ ఉత్తర్వును చదివి పక్కన పెట్టాడు. కార్లు మారితే తనకేంటనుకున్నాడు.

మర్నాడు అతను గేటు దగ్గర నిలబడి దొప్పలో పులిహోర తింటున్నాడు. ఎదురుగా మంగతాయారమ్మ గరిటెతో నిలబడి ఉంది. ఉన్నట్టుండి ఆవిడ మాట ఆపేసింది.

“పీవో గారూ, కదలకండి” అంది మెల్లగా.

పామనుకున్నాడు. ఊపిరి బిగపట్టి తల తిప్పాడు. అతని చొక్కా అంచుకు ఆనుకుని నేరేడుపండు రంగు కారు ఒకటి నిలబడి ఉంది. ఊరంత పొడవు. చప్పుడు లేదు, పొగ లేదు, వాసన లేదు. లోపల ఛైర్మన్ గారి డ్రైవర్ నూకరాజు పెళ్లికొడుకులా కూర్చుని నవ్వుతున్నాడు.

“ఎప్పుడొచ్చావురా?”

“ఆయ్, తమరు రెండోసారి పులిహోర వడ్డించమన్నప్పట్నించీ ఇక్కడే ఉన్నానండి.”

“హారన్ కొట్టొచ్చుగా.”

“గేటు దగ్గర హారన్ కొట్టకూడదని తమరే బోర్డు ఎట్టించారు కదండి.”

గన్నేశ్వరరావు గొంతులో వేరుశనగ పలుకు అడ్డం పడింది. నూకరాజు వెనక సీటు ఖాళీగా ఉంది. అక్కడ ఛైర్మన్ కూర్చుని ఉంటే? తను, దొప్ప, గరిటె, హాల్లో క్యారమ్స్ బోర్డు, దాని చుట్టూ సీనియర్ అసిస్టెంట్ భానోజీ బృందం.

“ఇది దగ్గదా?” అన్నాడు.

“దగ్గదండి. మూలగదండి. ఇందాక సీటు వాల్చి పడుకుంటే నా గురక నాకే వినబడి మెలకువొచ్చేసిందండి.”

“పోనీ ఛైర్మన్ గారిని తెచ్చేటప్పుడు మలుపులో నువ్వు ఆఫీసుకు ఫోన్ చెయ్యి.”

“ఆయన నా ఎనకాలే కూకుంటారు కదండి. అయినా ఎవరికి చెయ్యనండి? అందరి ఫోన్లూ గేటు కాడ బుట్టలో ఉంటాయి. క్రమశిక్షణని ఆ బుట్ట తెప్పించింది తమరే.”

హాల్లో ల్యాండ్ ఫోన్ ఉంది. కానీ దాన్ని ఎత్తితే ఏదో ఒక పని తగులుకుంటుందని అనుభవం మీద తెలిసి, ఎత్తడం మానేశారు.

మంగతాయారమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగివచ్చింది. “దొంగలకి బాగుంటుంది” అంది.

గన్నేశ్వరరావు దొప్ప పారేశాడు. పులిహోర మిగిలుండగా దొప్ప పారెయ్యడం అతని ఉద్యోగ జీవితంలో అదే మొదలు. ఈ పోలికలో పెట్రోలు కారే గెలవాలని ఆ క్షణంలోనే నిర్ణయించుకున్నాడు.

పోలిక కమిటీకి అధ్యక్షుడు మండలి సాంకేతిక సలహాదారు డాక్టర్ అనంతశయనం. చింతపండు నలుపులోని తరతమ భేదాల మీద డాక్టరేటు చేసినాయన. మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టుంటుంది. గన్నేశ్వరరావు కమిటీ కార్యదర్శి.

“ఉత్తర్వులో కీలకమైన పదము సమాన పరిస్థితులు” అన్నాడు అనంతశయనం తొలి సమావేశంలో. “ఒక వాహనమునకు లభించు సదుపాయము రెండవ వాహనమునకు లభించనిచో అది పోలిక అనిపించుకొనదు, పక్షపాతము అనిపించుకొనును. విద్యుత్ వాహనమునకు రాత్రంతయు చార్జింగ్ ఇచ్చుచున్నాము. పెట్రోలు వాహనమునకు ఎందుకు ఇయ్యరాదు?”

“దానికి పెట్టడానికి చోటు లేదు కదండి” అన్నాడు నూకరాజు.

“చోటు కల్పింపబడును.”

కల్పించారు. ముందు బంపరుకు తీగ చుట్టి, చీకటిపడ్డాక పెట్రోలు కారును గోడకున్న ప్లగ్గుకు తగిలించారు. పొద్దున్నే గూర్ఖా కారు తలుపు ముట్టుకుని ఎగిరి పూలకుండీలో పడ్డాడు. ‘పెట్రోలు వాహనము చార్జింగ్‌ను చక్కగా స్వీకరించినది’ అని అనంతశయనం నివేదికలో రాయించాడు.

అలాగే విద్యుత్ కారు వారానికోసారి పెట్రోలు బంకుకు వెళ్లి వరసలో నిలబడాలి. నూకరాజు దాన్ని తీసుకెళ్లి వరసలో పెట్టేవాడు. తన వంతు వచ్చాక బంకువాడు గొట్టం పట్టుకుని కారు చుట్టూ తిరిగి, మూత ఎక్కడుందో దొరక్క, “ఇదెక్కడి బండండీ బాబూ, నోరు లేదు” అనేవాడు. ‘ఇంధన స్వీకరణలో సహకారము: శూన్యము’ అని రాసుకుని వచ్చేసేవారు.

కాలుష్య పరీక్షలో గన్నేశ్వరరావు ఆశలు చిగురించాయి. పరీక్ష చేసే ఆయన గొట్టం పట్టుకుని వంగి, కారు వెనక పొగగొట్టం లేదని గమనించి, నిటారుగా లేచాడు.

“పొగ లేదండి” అన్నాడు నూకరాజు గర్వంగా.

“లేదని నువ్వంటే సరిపోదు, నా మిషను అనాలి. మిషను పెట్టడానికి చోటు లేదు. పరీక్షకు దొరకని బండి కాలుష్యం చేసినట్టే లెక్క” అన్నాడాయన.

తలుపుల పరీక్ష ఇంకా బాగా జరిగింది. పెట్రోలు కారు తలుపుకు పిడి ఉంది, లాగితే వస్తుంది. కొత్త కారు తలుపు పిడులు లోపలికి ముడుచుకుని ఉంటాయి, మనిషి తాళం దగ్గరికి తెస్తేనే బయటికి వస్తాయి. ఛైర్మన్‌కు తలుపు తియ్యడమే ఉద్యోగంగా ఉన్న అటెండరు ఆ కారు ఒంటినంతా రెండు చేతులా తడిమి, ఎక్కడా ఏదీ అందక, చివరికి దానికి దణ్ణం పెట్టాడు.

కొత్త కారు పూజ రోజున పంతులు గారు గుమ్మడికాయ దిష్టి తిప్పి ముందు నిలబడ్డారు. పాత కారు అయితే పంతులు గారే భయపడి తప్పుకునేవారు. కొత్త కారు ఎదురుగా మనిషిని చూసి తనంతట తానే ఆగిపోయింది. ఆయన ముందుకు రమ్మంటారు, అది కదలదు. అది కదిలితే తప్ప ఆయన తప్పుకోరు. మధ్యలో గుమ్మడికాయ మీద కర్పూరం ఆరిపోయింది.

వీటన్నిటి మీదా గన్నేశ్వరరావు తన బ్రహ్మాస్త్రం వేశాడు. శబ్ద సామర్థ్యం అని ఒక అంశం చేర్పించి, దానికి అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పెట్టించాడు. దగ్గు, గుర్రు, ఠాప్ మూడింటా పెట్రోలు కారుకు నూటికి నూరు వచ్చాయి. వాసన, పొగ, కుదుపు, ఇంధనం తాగే శక్తి అన్నిటా పెట్రోలు కారే మొదటిది. విద్యుత్ కారు ప్రతి అంశంలో ‘లేదు, లేదు’ అనిపించుకుంటూ అట్టడుగున నిలిచింది.

నివేదిక మీద ఛైర్మన్ సంతకం ఒక్కటే మిగిలింది. గన్నేశ్వరరావు ఆ సాయంత్రం అత్తగారికి ఫోన్ చేసి ఊరికే కుశలమడిగాడు.

మర్నాడు కాగితం తీసుకెళ్లేసరికి ఛైర్మన్ తన గదిలో లేరు. ఆవరణలో, విద్యుత్ కారు వెనక సీట్లో ఉన్నారు. కళ్లు మూసుకున్నారు. ముఖంలో దేవుడు కనబడినవాడి తేజస్సు.

“ఏవయ్యా గన్నేశ్వరరావూ” అన్నారు కళ్లు తెరవకుండానే. “ఈ సీటు నడుం పిసుకుతోందయ్యా. మా ఇంట్లో వాళ్లను ఎన్నాళ్లనుంచో అడుగుతున్నా, ఒక్కళ్లూ పిసకలేదు. ఇది అడక్కుండానే పిసుకుతోంది.”

“కమిటీ నివేదిక ప్రకారం పెట్రోలు కారుకు మార్కులు...”

“నా నడుం ఇచ్చిందయ్యా మార్కులు. ఇదే ఖాయం.”

గన్నేశ్వరరావు అనంతశయనం వైపు చూశాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఆ కాస్త వ్యవధిలో శాస్త్రం మారిపోయింది.

“గౌరవ అధ్యక్షుల వారి పరిశీలన కమిటీ నిర్ధారణతో అక్షరాలా ఏకీభవించుచున్నది” అన్నాడు. “పొగ, వాసన, కుదుపు మొదలగు అంశములలో పెట్రోలు వాహనమునకు అధిక మార్కులు వచ్చినవి. అనగా అవి దానియందు అధికముగా ఉన్నవని భావము. కావున తక్కువ మార్కులు వచ్చినదే మేలైనది.”

ముఖ్య కార్యదర్శి మృదుల గారు షీల్డు తనిఖీకి రాజధాని నుంచి వస్తున్నారని అదే రోజు కబురొచ్చింది.

ఆ సాయంత్రం హాల్లో అత్యవసర సమావేశం జరిగింది. గన్నేశ్వరరావుకు క్యారమ్స్‌లో జోడీ అయిన భానోజీ స్ట్రైకరు గాల్లోకి ఎగరేస్తూ మాట్లాడాడు.

“చూడండి పీవో గారూ, దగ్గు లేకుండా మేం ఫైలు తెరవలేమండి. కుదరదు. చేతులు రావు. అలవాటైపోయింది.”

“ఛైర్మన్ గారు వచ్చేదాకా ఊరికే ఫైళ్లు తెరిచి కూర్చోవచ్చుగా.”

“రోజంతానా? పనిచేసేవాళ్లు కూడా అలా కూర్చోరండి.”

గన్నేశ్వరరావు ఆలోచించాడు. పాత కారు చప్పుడు రికార్డు చేసి కొత్త కారుకు మైకు పెడితే? అనంతశయనం ఒప్పుకోలేదు. “ఒక వాహనము యొక్క దగ్గును ఇంకొక వాహనమునకు ఆపాదించుట కూటసాక్ష్యము వంటిది” అన్నాడు.

అప్పుడు తట్టింది. దగ్గును తేలేకపోతే, దగ్గేదాన్నే తెస్తే సరి.

ప్రోటోకాల్ విభాగం నుంచి కొత్త నిబంధన పుట్టింది. అధినేత నిశ్శబ్దంగా రావడం పదవీ గౌరవానికి భంగకరం గనుక, విద్యుత్ కారుకు ముందు పెట్రోలు కారు శబ్ద వాహనంగా నడవవలెను. శబ్ద వాహనం రానిదే అధినేత వచ్చినట్లు పరిగణింపబడరాదు. అధికారిక వాహనం ఖాళీగా తిరగరాదు కాబట్టి అందులో ఒక అధికారి కూర్చోవాలి. ఆ అధికారికి డ్రైవింగు వస్తే ఇంకో డ్రైవరు అక్కర్లేదు. గన్నేశ్వరరావుకు డ్రైవింగు వచ్చు.

పెట్రోలు ఆదా చేయడానికి వచ్చిన కారు కోసం రోజూ పెట్రోలు కొట్టించడం మొదలైంది. ఛైర్మన్ క్షవరానికి వెళ్లినా ముందు పాత కారు దగ్గుతూ వెళ్లేది. ఆఫీసు మళ్లీ గాడిలో పడింది. దగ్గుకు బోర్డు, గుర్రుకు ఫైళ్లు, ఠాప్‌కు దిగులు. అంతా సవ్యంగా ఉంది, ఒక్కటి తప్ప. ఛైర్మన్ ముందు తనే దూసుకురావాలి గనుక గన్నేశ్వరరావుకు పులిహోర వేడిగా దొరకడం లేదు. మంగతాయారమ్మ మూతపెట్టి ఉంచేది. “చల్లారిపోయిందండి, ఏం చెయ్యను, మీ దగ్గు మీకే తగిలింది” అనేది.

తనిఖీ రోజు వచ్చింది. రైల్వే స్టేషన్‌లో మృదుల గారికి దండ వేశారు. ఆవిడ నవ్వలేదు. ఆవిడా ఛైర్మనూ విద్యుత్ కారులో కూర్చున్నారు. ముందు పాత కారు బయల్దేరింది. స్టీరింగు దగ్గర గన్నేశ్వరరావు, పక్కన పరిశీలకుడిగా అనంతశయనం.

వంతెన ఇంకొంచెం దూరం ఉందనగా పాత కారు క్లచ్ ప్లేటు కాలిపోయింది. ఇంజను హుషారుగా అరుస్తోంది, బండి మాత్రం కదలదు.

ఛైర్మన్ అద్దం దించారు. “మేం పోతామయ్యా. నువ్వు మెకానిక్కును పిలుచుకో.”

“కుదరదు సార్. శబ్ద వాహనం రానిదే తమరు వచ్చినట్టు పరిగణింపబడరు” అన్నాడు గన్నేశ్వరరావు. ఈపాటికి హాల్లో నమూనాల బస్తాలు విప్పి ఉంటారు. తనిఖీ గౌరవార్థం మంగతాయారమ్మ పెద్ద గుండిగ ఎక్కించింది.

“నిబంధన నిబంధనయే” అన్నాడు అనంతశయనం, సీటు బెల్టు సర్దుకుంటూ.

మృదుల గారు గడియారం చూసుకున్నారు. “అయితే కట్టి లాగండి” అన్నారు.

నూకరాజు ఒక కొబ్బరి తాడు సంపాదించాడు. విద్యుత్ కారు ముందుకొచ్చింది, పెట్రోలు కారు వెనక్కి వెళ్లింది. రెండింటి మధ్యా తాడు. చప్పుడు ముందు రావాలి, మనిషి వెనక రావాలి. ఇప్పుడు మనిషి ముందు, చప్పుడు వెనక. గన్నేశ్వరరావుకు ఈ సంగతి వంతెన సగం ఎక్కాక గానీ వెలగలేదు. తల బయటపెట్టి “ఆగు నూకరాజూ” అని కేకేశాడు. ముందున్న కారు అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. లోపల సన్నాయి పాట, నడుం పిసికే సీట్లు.

సరిగ్గా వంతెన నడినెత్తిన తాడు తెగింది.

నేరేడుపండు కారు బరువు తగ్గిన హుషారుతో, ఈకలా, చప్పుడు లేకుండా దిగువకు జారిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

గన్నేశ్వరరావు దూకి కారును వెనకనుంచి తొయ్యడం మొదలుపెట్టాడు. “మీరు కూడా దిగండి సార్.”

“నేను దిగినచో వాహనము బరువు మారును. సమాన పరిస్థితి దెబ్బతినును” అన్నాడు అనంతశయనం.

చేపల గంపలతో వెళ్తున్న ఆడవాళ్లు ఆగారు. “ఏం బాబూ, పెట్రోలు అయిపోనాదా?”

“పెట్రోలుంది తల్లీ, బండి కదలదు.”

“మరి అంత అరుపెందుకు, ఆపేసుకోవచ్చు కదా.”

“అరుపే కావాలి తల్లీ. ఒక్క చెయ్యి వెయ్యండి.”

వాళ్లు గంపలు దించి, నవ్వుకుంటూ, తలా ఒక చెయ్యి వేశారు. బండి వాలులోకి జారింది. గన్నేశ్వరరావు పరుగెత్తి ఎక్కి స్టీరింగు పట్టుకున్నాడు. మార్కెట్టు మలుపులో అది దగ్గింది. ఆ దగ్గు అతనికి ప్రాణం పోసింది. సందు మొదట్లో గేరు కదిపితే గుర్రుమంది. జారుడు ఊపు తగ్గిపోతుండగా గేటు దాటింది. ఇంజను ఆపాడు.

ఠాప్.

హాల్లోకి పరుగెత్తాడు. గుమ్మంలో నిలబడిపోయాడు.

అందరూ నిటారుగా లేచి నిలబడి ఉన్నారు. ప్రతి బల్ల మీదా ఫైలు తెరిచి ఉంది. ప్రతి ముఖంలో దేశం గురించిన దిగులు. అందరి చూపులూ గుమ్మం వైపు, అంటే అతని వైపు. భానోజీ సెల్యూటు కొడుతున్నాడు.

ఛైర్మన్ మాత్రం భానోజీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మణికట్టు దాకా చింతపండు. ఒళ్లో పిక్కల పళ్లెం. ఆయన పక్కన మృదుల గారు, చేతిలో ఆకు దొప్ప.

అంతకు ముందు జరిగింది తర్వాత భానోజీ చెప్పాడు. ఛైర్మన్ గారు హాల్లోకి వచ్చారట. ఎవరూ తలెత్తలేదట. దగ్గు వినబడలేదు, గుర్రు వినబడలేదు, ఠాప్ అనలేదు. కాబట్టి వచ్చినవాడు ఛైర్మన్ అయ్యే అవకాశమే లేదు. ఎవరో నమూనా ఇవ్వడానికి వచ్చిన వ్యాపారి అనుకుని భానోజీ తల వంచుకునే, “బాబాయ్ గారూ, ఊరికే నిలబడకపోతే ఆ పిక్కలు కొంచెం తియ్యండి. పని తెమలాలి” అన్నాడట. సర్వారాయుడు గారు చొక్కా చేతులు మడిచి, స్టూలు లాక్కున్నారట. ఆ హాల్లో ఒక ఉద్యోగి తనతో మాట్లాడటం ఆయనకు అదే మొదటిసారి.

మృదుల గారికి మంగతాయారమ్మ దొప్ప అందించింది. “ఏమిటిది?” అన్నారావిడ. “నాణ్యతా పరీక్షండి. వేడి మీద చెయ్యాలి” అంది మంగతాయారమ్మ. ఆవిడ పరీక్షించారు. రెండోసారి కూడా పరీక్షించారు.

అంతలో దగ్గు వినబడింది. చేతులు వాటంతటవే లేచాయి. చింతపండు సొరుగుల్లోకి పోయింది. క్యారమ్స్ బోర్డు బీరువా వెనక్కి పోయింది. ఫైళ్లు తెరుచుకున్నాయి. అదంతా ముఖ్య కార్యదర్శి కళ్లముందే జరిగింది.

“గన్నేశ్వరరావు గారంటే మీరేనా?” అన్నారు మృదుల గారు.

తోడల్లుడి గిన్నెలో మీగడ ఒక్కసారి మెరిసి మాయమైంది. “మేడమ్, ఈ ఒక్కరోజే...”

“ఎన్నో సంస్థలు తనిఖీ చేశాను” అన్నారావిడ. “బియ్యం సంస్థలో బియ్యం కనబడవు. చేనేత సంస్థలో దారం కనబడదు. అధికారులు తమ శాఖకు సంబంధించిన సరుకును స్వహస్తాలతో ముట్టుకుంటూ, అధ్యక్షులతో కలిసి పనిచేయడం నా సర్వీసులో ఇక్కడే చూశాను. పరీక్షా ఫలితం కూడా సంతృప్తికరం. ఉప్పు ఒక్క పిసరు తగ్గింది. అయితే ఒక విషయం నమోదు చేయక తప్పదు. అంత చక్కగా సాగుతున్న పని ఒక్కసారిగా ఆగిపోయి అందరూ ఫైళ్లు ముందేసుకున్నారు. పనిని ఆపింది ఏమిటి?”

భానోజీ తెరిచిన ఫైలులో పేజీ తిప్పాడు.

“ఆ చప్పుడండి” అంది మంగతాయారమ్మ.

అనంతశయనం ఆయాసపడుతూ అప్పుడే లోపలికి వచ్చాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇది పోలికకు పరాకాష్ఠ” అన్నాడు. “ఒకే కార్యాలయము, అవే ఉద్యోగులు, అవే పిక్కలు. విద్యుత్ వాహనము ప్రవేశించినప్పుడు పని కొనసాగినది. పెట్రోలు వాహనము ప్రవేశించినప్పుడు పని ఆగినది. ఇంతకు మించిన సమాన పరిస్థితి లభించదు.”

షీల్డు వచ్చింది. దాంతోపాటు గన్నేశ్వరరావుకు డిప్యూటీ డైరెక్టరు ఉత్తర్వూ వచ్చింది. విద్యుత్ కారు ఛైర్మన్ గారికి శాశ్వతంగా ఖాయమైంది. పాత కారును అమ్మడానికి మాత్రం వీల్లేకపోయింది. శబ్ద సామర్థ్యంలో నూటికి నూరు వచ్చిన వాహనాన్ని ఎలా అమ్ముతారని ఆడిట్ అడుగుతుందట. ఆ మార్కులు వేయించినవాడే దాన్ని వాడుకోవడం న్యాయమని అనంతశయనం తేల్చాడు. డిప్యూటీ డైరెక్టరుకు కారు ఉండాలి. డిప్యూటీ డైరెక్టరు గన్నేశ్వరరావు. కారు అది. క్లచ్ మార్చి తాళాలు చేతిలో పెట్టారు.

అత్తవారింట మీగడ వేశారు. చిన్న ముక్కే అయినా మీగడే.

హోదా మారాక మొదటిరోజు గన్నేశ్వరరావు ఉత్సాహంగా ఆఫీసుకు బయల్దేరాడు. పొద్దున ఇంట్లో ఏమీ తినలేదు. ఇక శబ్ద వాహనం గొడవ లేదు, పులిహోర వేడిగా దొరుకుతుంది. మార్కెట్టు మలుపులో కారు దగ్గింది. సందు మొదట్లో గుర్రుమంది. గేటు లోపల ఠాప్ అంది. ఆ ఠాప్‌కు అతని చెయ్యి తెలియకుండానే చొక్కా సర్దుకుని ఫైలు కోసం వెతికింది.

హాల్లోకి నడిచాడు. అన్ని తలలూ ఫైళ్లలో ఉన్నాయి. ఇంగువ వాసన హాలంతా కమ్ముకుని ఉంది. ఒక్క దొప్ప కనబడలేదు.

“భానోజీ, ఒక ఆట వేద్దామా?” అన్నాడు.

“ఏం ఆటండి?” అన్నాడు భానోజీ, తలెత్తకుండా.

క్యాంటీన్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. మంగతాయారమ్మ ఖాళీ గుండిగ బోర్లించి దాని మీద కూర్చుని ఉంది.

“పులిహోర అయిపోయిందా?”

“ఏ పులిహోరండి?” అంది ఆవిడ అమాయకంగా. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి.

చివరికి ఛైర్మన్ గదివైపు నడిచాడు. తలుపు వెనక ఠక్ మని స్ట్రైకరు తగిలిన చప్పుడు. కాయలు చెదిరిన చప్పుడు. ఛైర్మన్ గారి నవ్వు, నూకరాజు నవ్వు. అతని చెప్పుల అలికిడికి అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. లోపల ఏదో బరువైంది బీరువా వెనక్కి జరిగింది.

గన్నేశ్వరరావు తలుపు తోశాడు. నూకరాజు కిటికీ అద్దం తుడుస్తున్నాడు. సర్వారాయుడు గారు ఫైలు మీద వంగి, నుదురు ముడిచి, దేశం గురించి దిగులు పడుతున్నారు. ఆయన పై పెదవి మీద ఒక ఆవగింజ అంటుకుని ఉంది.

“రావయ్యా డిప్యూటీ డైరెక్టరూ” అన్నారు తలెత్తకుండానే. “ఇవాళ ఊపిరాడనంత పని.”